పెట్టె మాత్రమే

ఇంట్లో ఏ ప్లేయరు ఉందో చెప్పనివాడి పనిని ఎర్నెస్ట్ ముట్టుకునేవాడు కాదు. ఆబిడ్స్‌లో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తున, మెట్ల మలుపును ఆనుకుని ఉన్న రామచందర్ దుకాణంలో ఆయనది గోడవైపు కుర్చీ. ఆయన బల్ల కింద ఇనుప అరల్లో అయిదు డీవీడీ ప్లేయర్లు ఒకదానిపై ఒకటి ఉండేవి. వాటిలో పేరున్నవి రెండు, పేరు లేనివి మూడు. కంప్యూటరులో చక్కగా ఆడిన ఫైలు ఇంటికి వెళ్ళాక ఆడుతుందన్న భరోసా లేదు. ఏ ప్లేయరు దేన్ని ఆడిస్తుందో, దేన్ని చూసి మొహం చాటేస్తుందో, దేనికి బొమ్మ చూపించి మాట మింగేస్తుందో ఆయన నల్ల అట్ట పుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాడు. చేసిన ప్రతి డిస్కునూ, గిరాకీ ఇంట్లో ఉన్నటువంటి ప్లేయరులోనే, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసేవాడు. అది పెళ్ళి కావచ్చు, పుట్టినరోజు కావచ్చు, సమాధి కార్యక్రమం కావచ్చు. అంతా అయ్యాక పుస్తకంలో "బొమ్మ: సరి, మాట: సరి" అని రాస్తేగాని డిస్కు చేతికిచ్చేవాడు కాదు.

"మా మాస్టర్ చేసిన సీడీ తీర్పుదినం దాక నడుస్తది" అని రామచందర్ గిరాకీలతో అనేవాడు. "ఆ దినం దేవుడొచ్చినా సరే, నీ ఇంట్ల ప్లేయర్ ఏంది స్వామీ అని అడుగుతడు ఈయన."

అది రెండువేల ఏడో సంవత్సరం ఆగస్టు. ఆ మంగళవారం పొద్దున వాన పడి వెలిసింది. గొడుగు మెట్ల మీదే దులిపి, చెప్పులు గుమ్మం బయట వదిలి, ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. యాభై అయిదేళ్ళు ఉంటాయి. కొంగు ముడి విప్పి, మాత్రల కాగితం తీసి, ఆ కాగితం మడతలోంచి గోరంత మెమరీ కార్డును బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఒక చీటీ పెట్టింది.

"సెవులు ఇనరావు సారూ" అంది. ఎత్తుపల్లాలు లేని గట్టి గొంతు. "నా మొకం దిక్కు జూసి మాట్లాడు. మెల్లగ మాట్లాడు గని అరవకు. అరిస్తె పెదవులు వంకర వోతయ్, నాకు తెల్వది."

చీటీ మీద ఉన్నది సంఘ పాస్టరు దస్తూరీ అని ఎర్నెస్ట్ గుర్తుపట్టాడు. ఆయనా ఆ సంఘంవాడే. ప్రతి ఆదివారం చివరి వరుసలో కూర్చుని, ఎవరి కంటా పడకుండా బయటికి వచ్చే మనిషి. 'ఈమె తెచ్చిన కార్డులోని వీడియోను టీవీలో చూచుటకు వీలుగా చేసి ఇవ్వగలరు. శనివారం సుగుణమణమ్మ గారి ఆదరణ కూడికలో పెద్దలందరు చూడవలసి యున్నది.'

"సుగుణమణి గారి ఇంట్లో పనిచేసే ఆమె మీరేనా?" అని ఆయన ఆమె ముఖంలోకి చూసి, పదం పదం విడదీసి అడిగాడు. నాంపల్లి కాంపౌండులో ఉండే రిటైరైన నర్సు సుగుణమణిని క్రిందటి శుక్రవారమే సమాధి చేశారు. ఎర్నెస్ట్ కూడా గుప్పెడు మట్టి వేసి వచ్చాడు.

"ఔ. కొండమ్మను. పందొమ్మిదేండ్లు సిస్టరమ్మ కాడనే ఉన్న." ఆమె కార్డును వేలితో ఆయనవైపు జరిపింది. "సిస్టరమ్మ మాట్లాడుతుంటె నేనే పట్టిన ఫోన్ల. యాడ ఒత్తాల్నో ఆమెనే నేర్పింది. సచ్చిపోయినంక ఫోను ఇజ్రాయేల్ సారు దీస్కపోయిండు. కార్డు ముందే తీసి దాసుకొమ్మన్నది సిస్టరమ్మ. మాత్రల కాయితంల వెట్టి బియ్యం డబ్బల దాసిన."

ఎర్నెస్ట్ కార్డును రీడరులో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మూడు నిమిషాల నలభై సెకన్ల వీడియో. దిండుకు ఆనుకుని ముసలామె. బుగ్గలు పీక్కుపోయినా, పళ్ళ సెట్టు పెట్టుకుని ఉంది. కెమెరాకేసి కాదు, కెమెరా పట్టుకున్న మనిషి కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

'నేను సుగుణమణిని. నా బుద్ధి నా దగ్గరే ఉంది. ఇల్లు మా అన్న కొడుకు ఇజ్రాయేలు తీసుకోనీ. వెనక గది మాత్రం కొండమ్మది. ఆమె ప్రాణమున్నంత కాలం ఆమెను అందులోంచి కదిలించొద్దు.' అక్కడ దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. 'నీళ్ళియ్యవే' అంది. బొమ్మ ఊగింది, గ్లాసు పట్టిన చెయ్యి ఒకటి వచ్చి వెళ్ళింది. 'మళ్ళీ చెబుతున్నా. వెనక గది కొండమ్మది. ఎవరైనా కాదంటే దేవుడి ఎదుట నాకు జవాబు చెప్పాలి.'

ఆయన హెడ్‌ఫోన్లు తీసేదాకా కొండమ్మ ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది.

"మంచిగున్నదా సారూ?"

"ఉంది. చాలా స్పష్టంగా ఉంది."

"పాస్టరు అయ్యగారు అన్నడు, ఆమె తన నోటితోని అన్నదుంటె గది నీదేనమ్మా అని. ఇజ్రాయేల్ సారు గూడ అందరి ముంగట సరే అన్నడు. నాకు ఇంకో గడప లేదు సారూ. కల్వకుర్తి దిక్కు తమ్ముని కొడుకున్నడు గని, ఆని ఇంట్ల ఆనికే జాగ లేదు."

"ఆ ఇంట్లో ఏ ప్లేయరు?" అని అడిగాడు ఎర్నెస్ట్.

ఆమె దానికీ సిద్ధపడే వచ్చింది. ప్లేయరు ముందుభాగం మీద ఉన్న అక్షరాలను, చదవడం రాకపోయినా, బొమ్మ గీసినట్టు ఒక అట్టముక్క మీద గీసుకుని తెచ్చింది. ఆయన ఆ అట్టముక్కను రెండు చేతులతో అందుకున్నాడు. అది రెండో అరలో ఉన్న పేరు లేని ప్లేయరు.

"గురువారం రండి."

కొండమ్మ చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "నువ్వు మంచిగ కనవడ్తవ్ సారూ, మీసం లేదు" అంది. "మీసాలోల్ల మాట నాకు సగమే తెలుస్తది."

రామచందర్ తన మీసం మీద వేలు వేసుకుని నవ్వాడు. ఎర్నెస్ట్ కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయనకు ఎందుకో మనసు తేలిగ్గా ఉంది.

*

ఇజ్రాయేల్ మర్నాడు, రామచందర్ భోజనానికి వెళ్ళిన వేళకు వచ్చాడు. సంఘ పెద్ద, సంఘం నడిపే బడి కమిటీకి కార్యదర్శి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుని, మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత కింద హోటలు నుంచి రెండు చాయ్‌లు తెప్పించాడు.

"వందనాలు తమ్ముడూ. మా అత్తది ఏదో వీడియో వచ్చిందట నీ దగ్గరికి."

"వచ్చిందండి. పాస్టరుగారు పంపించారు."

"మంచిది. చెయ్యి, చెయ్యి. అత్త ఆఖరి మాటలు, మాకూ కావాలె." చాయ్ సాసరులో పోసుకుని ఊదాడు. "నాకు ఒక్కటి తెల్వక అడుగుతున్న. ఫోన్ల ఉన్నది టీవీల ఎట్ల వస్తది? ఏం చేస్తరు మీరు?"

ఆ ప్రశ్నను ఎర్నెస్ట్‌ను ఎవరూ అడిగి చాలా ఏళ్ళయింది. గిరాకీలకు డిస్కు కావాలి, రామచందర్‌కు గిరాకీ కావాలి. మధ్యలో ఏం జరుగుతుందో ఎవరికీ అక్కర్లేదు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, పాఠం చెప్పే యోగం లేక ఈ కుర్చీలో పడ్డ మనిషి ఆయన. కుర్చీ వెనక్కి జరిపి, పాఠం మొదలుపెట్టాడు.

"ఫైలు అనేది ఒక పెట్టె అనుకోండి. లోపల రెండు సరుకులుంటాయి. బొమ్మ ఒకటి, మాట ఒకటి. ఫోను పెట్టె వేరు, ఇంటి ప్లేయరు తెరవగలిగే పెట్టె వేరు. సరుకును కదపకుండా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చడం ఒక పద్ధతి. పది సెకన్ల పని. కానీ ఫోను మాటను తనదైన పద్ధతిలో నలిపి చుట్టి పెడుతుంది. ఆ చుట్ట విప్పడం ప్లేయర్లకు రాదు. కనుక మాటను విడిగా విప్పి, వాటికి తెలిసిన పద్ధతిలో మళ్ళీ చుట్టాలి. అది నాలుగు నిమిషాల పని. చాలామంది ఆ పని చెయ్యరు."

"చెయ్యకుంటె?"

"చూపిస్తానుండండి." ఆయన ఎవరిదో పుట్టినరోజు వీడియో తీసి, పెట్టె మాత్రం మార్చి, ప్లేయరులో పెట్టి టీవీ వేశాడు. కేకు చుట్టూ పిల్లలు చేరి నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇజ్రాయేల్ చాలాసేపు ఆ పిల్లల్ని చూశాడు. సాసరు కింద పెట్టాడు.

"అంటే నువ్వు దీంట్లకెల్లి ఏం తీసెయ్యలేదు."

"తీయలేదండి. మాట లోపలే ఉంది. ప్లేయరుకు చదవడం రాదు, అంతే."

"అయితే తప్పు ప్లేయరుది."

ఎర్నెస్ట్ చెయ్యి చాపి టీవీ ఆపేశాడు. తాను ఎంతవరకు వచ్చాడో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఏంజెలీనా టీచరు మన బడిల చేరి ఎన్నేండ్లయింది?" అని అడిగాడు ఇజ్రాయేల్. ఏంజెలీనా ఎర్నెస్ట్ భార్య.

"ఏడేళ్ళండి."

"ఏడేండ్లు టెంపరరీ. పాపం." ఇజ్రాయేల్ నిజంగానే బాధపడ్డట్టు తల ఊపాడు. "వచ్చే మంగళవారం కమిటీ కూసుంటది. ఒక్క పోస్టుకు ముగ్గురున్నరు. నేను ఒక్క మాట అంటె చాలు. అన్నీ మాటలే గద తమ్ముడూ ఈ లోకంల."

"కానీ ఆమె..." అన్నాడు ఎర్నెస్ట్.

"చూడు, నేను నిన్ను ఒక్క ముక్క కొయ్యమంట లేను. చచ్చిపోయినామె మాట కొయ్యడం పాపం. నేను అట్లాంటోణ్ని కాదు. పెట్టె మార్చు. అంతే." లేచి నిలబడి, చెయ్యి చాపాడు. "కార్డు ఇటియ్యి. ఫోను నా దగ్గరుంది, దాని కార్డు దాంట్లనే ఉండాలె. కొండమ్మ సంగతా? ఆమెకు ఎట్లనో వినవడదు. మాట ఉంటేంది, లేకుంటేంది ఆమెకు?"

కార్డు రీడరులోనే ఉంది. దాన్ని తీసి ఇవ్వడానికి ఎర్నెస్ట్‌కు రెండు వేళ్ళు చాలాయి.

ఇజ్రాయేల్ దిగిపోయాక ఆయన ఖాళీ కప్పులను బల్ల చివరకు జరిపి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఫైలు అంతకు ముందురోజే కంప్యూటరులోకి ఎక్కించాడు. ఏ పనికైనా నకలు పదిహేను రోజులు ఉంచడం ఆయన నియమం. తెర మీద మాట కోసం ఒక చిన్న గడి ఉంది. అందులో రెండే దారులు: మార్చు, ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఆయన రెండోదాన్ని నొక్కాడు. పది సెకన్లు కూడా పట్టలేదు. డిస్కు మీద సన్నటి కలంతో 'సుగుణమణి గారు' అని రాశాడు. కొమ్ము, దీర్ఘం ఎక్కడా చెదరలేదు. పుస్తకం తెరిచి ఆ వరుసలో "బొమ్మ: సరి" అని రాసి, పక్క గడిని ఖాళీగా వదిలేశాడు. అబద్ధం మాత్రం రాయలేదని ఆయనకు కొంత ఊరట కలిగింది.

*

గురువారం కొండమ్మ చేతిసంచిలో నాలుగు జామపండ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సిస్టరమ్మ చెట్టుయి. ఊకనే దీస్కో సారూ. ఈ యేడు మస్తు గాసింది, తినేటందుకు ఆమె లేదు."

ఎర్నెస్ట్ పండ్లను సొరుగులో పెట్టి, రెండో అరలోని ప్లేయరులో డిస్కు పెట్టాడు. టీవీలో సుగుణమణి వచ్చింది. కొండమ్మ నేల మీద కూర్చుని, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది.

"అగో, పండ్ల సెట్టు వెట్టుకున్నది సూడు. నాతోని మాట్లాడాల్నంటె ముందుగాల పండ్లు వెట్టుకునేది. పండ్లు లేకుంటె మాట నాకు తెల్వదని." తెర మీది పెదవులను వేలితో అందకుండా చూపింది. "ఇగో గీడ దగ్గింది."

ముందు బల్ల దగ్గర బిల్లు రాస్తున్న రామచందర్ తల ఎత్తాడు. "మాస్టర్, సౌండ్ వస్త లేదు గదా. వాల్యూమ్..."

"తెలుసు" అన్నాడు ఎర్నెస్ట్.

రామచందర్ ఒకసారి ఆయనను చూశాడు, ఒకసారి కింద కూర్చున్న ఆమెను చూశాడు. మళ్ళీ బిల్లులోకి తలదించాడు.

వీడియో అయిపోయింది. కొండమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయనవైపు తిరిగింది.

"సప్పుడు మంచిగొస్తున్నదా సారూ? నాకు తెల్వది గదా. నువ్వే జెప్పాలె."

ఎర్నెస్ట్ తల ఊపాడు. తల మాత్రమే ఊపాడు, పెదవి కదపలేదు.

"మరి నా కార్డు?"

దీనికి ఆయన నోరు తెరవగలిగాడు. ఎందుకంటే అది నిజం. ఆమె ముఖంలోకి నేరుగా చూస్తూ, "కార్డుతో పని లేదమ్మా. ఆమె చెప్పినదంతా దీనిలోనే ఉంది" అన్నాడు.

కొండమ్మ ఆ మాటను ఆయన పెదవుల మీదినుంచి పూర్తిగా తీసుకుంది. డిస్కును కొంగులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని మెట్లు దిగింది.

*

శనివారం సాయంత్రం వైర్లు కలిపిపెట్టడానికి ఎర్నెస్ట్‌ను పాస్టరు స్వయంగా పిలిపించాడు. రానని చెప్పడానికి ఆయనకు కారణం దొరకలేదు. నాంపల్లి కాంపౌండులో ఆ ఇల్లు చివరిది. ముందు హాలు, మధ్య గది, వెనక పెరటివైపు రేకుల గది. హాలులో కుర్చీలు వేశారు. ఎనిమిదిమంది పెద్దలు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, ఇరుగుపొరుగు కలిసి పాతికమంది దాకా ఉన్నారు. పాట పాడారు, వాక్యం చదివారు. ఇజ్రాయేల్ తన అత్త గుణగణాలు చెబుతూ రెండుసార్లు జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత పాస్టరు లేచి, "సుగుణమణమ్మ గారు తన నోట చెప్పిన మాటలను అందరం విందాం. ఆమె మాటే ఆఖరు. అవునా ఇజ్రాయేలు గారూ?" అన్నాడు.

"ఔనయ్యగారూ. అత్త మాట నాకు శిరోధార్యం."

కొండమ్మ గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. ఎర్నెస్ట్ డిస్కు పెట్టాడు.

ముసలామె వచ్చింది, పెదవులు కదిలించింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. వెనకవాళ్ళు ముందుకు వంగారు. రిమోటు ఎర్నెస్ట్ చేతిలో ఉంది. ఎవరో "పెంచండి" అన్నారు. తెర మీద అంకెలు ఇరవై, ముప్ఫయి, నలభై దాకా పెరిగాయి. నిశ్శబ్దం మాత్రం అలాగే ఉంది. వంగిన ఆ తలలను, కదలని ఆ ముఖాలను కొండమ్మ చూసింది. అందరూ అంత శ్రద్ధగా వింటున్నారనుకుంది. ఆమె వెన్ను నిటారుగా అయింది. పాస్టరుకేసి, ఇరుగుపొరుగు కేసి, చివరికి ఇజ్రాయేల్ కేసి కూడా చూసి, మెల్లగా తల ఊపింది. విన్నారు కదా, అన్నట్టు.

పక్కన కూర్చున్నామె జాలిపడి భుజం తట్టి, తన చెవి చూపించి చెయ్యి తిప్పింది.

"ఏంది?" అంది కొండమ్మ.

"మాట రావడం లేదమ్మా" అన్నాడు పాస్టరు, ఆమెవైపు తిరిగి.

ఆమె ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఎర్నెస్ట్‌ను చూసింది. ఆయన రిమోటు వెనక మూత తెరిచి బ్యాటరీలు సర్దుతున్నాడు. కొండమ్మ లేచి, టీవీ పక్కకు వెళ్ళి నిలబడింది.

"మల్ల వెయ్యి సారూ. మొదటికెల్లి వెయ్యి."

ఆయన మళ్ళీ వేశాడు. కొండమ్మ తెరలోని పెదవుల మీద చూపు నిలిపి, అవి కదిలినప్పుడు తానూ పలకడం మొదలుపెట్టింది.

"నేను సుగుణమణిని. నా బుద్ధి నా దగ్గరే ఉంది. ఇల్లు మా అన్న కొడుకు ఇజ్రాయేలు తీసుకోనీ."

గొంతు కొండమ్మదే, ఎత్తుపల్లాలు లేనిదే. మాటలు మాత్రం ఆమెవి కావు. ఆ మనిషి ఎన్నడూ అలా మాట్లాడలేదు. ఆ హాలులో ఆ మాటలను అంతకుముందు విన్నవాడు ఒక్కడే ఉన్నాడు. పెదవి మూసుకున్నచోట ఆమె ఆగింది, తెరుచుకున్నచోట అందుకుంది. ఒక్క అక్షరం జారలేదు.

"వెనక గది మాత్రం కొండమ్మది. ఆమె ప్రాణమున్నంత కాలం ఆమెను అందులోంచి కదిలించొద్దు."

తెరలో ముసలామె దగ్గింది. కొండమ్మ ఆ దగ్గు అయ్యేదాకా ఆగి, "నీళ్ళియ్యవే" అంది.

గుమ్మం దగ్గరున్న ఒకామె గబగబా లేచి, లోపలినుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి కొండమ్మ చేతికి అందించింది. వెనక ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఆ నవ్వు వరుస వరుసకూ పాకింది. గ్లాసు ఎందుకు వచ్చిందో కొండమ్మకు అర్థం కాలేదు. దాన్ని పట్టుకునే తెరవైపు తిరిగింది. ఆలోగా రెండు వాక్యాలు వెళ్ళిపోయాయి.

"మా అత్త పోయినంక గూడ కొండమ్మ నోట్ల మాట్లాడుతున్నది" అన్నాడు ఇజ్రాయేల్ మెల్లగా. "తప్పు పట్టను అయ్యగారూ. దిక్కులేని మనిషి. ఆశ ఉంటది."

పాస్టరు నుదురు రుద్దుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరగా ముగించాలనుకునే మనిషి. "ఎర్నెస్ట్ గారూ, మార్చింది మీరు. అసలు దాంట్లో మాట ఉందా?"

కొండమ్మ ఆ ప్రశ్నను చదివింది. గ్లాసు కింద పెట్టి, ఎర్నెస్ట్ నోటివైపు చూసింది. పాతిక జతల కళ్ళు ఆయన మీద ఉన్నాయి కాని, ఆయనకు బరువుగా తోచింది ఆ ఒక్క జతే. కుడిచేతివైపు కిటికీ ఉంది. కిటికీ అవతల జామచెట్టు, దాని కింద వెనక గది రేకులు ఉన్నాయి. ఎర్నెస్ట్ అటు తిరిగాడు. పూర్తిగా తిరిగాడు, చెంప కూడా కనబడనంతగా.

"లేదండి" అన్నాడు. "కొన్ని ఫోన్లలో మాట ఎక్కదు."

"దేవుని చిత్తం" అన్నాడు పాస్టరు. అందరూ ప్రార్థనకు తలలు వంచారు. ఆ తర్వాత బిస్కట్లు, చాయ్ వచ్చాయి. ఎర్నెస్ట్ వైర్లు చుట్టుకుంటుండగా, కొండమ్మ పక్కనామెను కుదుపుతూ, "ఏమన్నడు? సారు ఏమన్నడు?" అని అడగడం వినిపించింది. ఆ పక్కనామె ఏం చెప్పిందో ఆయన చూడలేదు.

*

మంగళవారం సాయంత్రం ఏంజెలీనా బడినుంచి కాగితం తెచ్చింది. దాన్ని ముందు బైబిలులో పెట్టి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసి, అప్పుడు భర్తకు చూపించింది. ఇజ్రాయేల్ గారి సంతకం కింద సంఘం ముద్ర ఉంది. "ఆయన దేవుడిలాంటి మనిషి" అంది. ఎర్నెస్ట్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఒక అచ్చుతప్పు కనిపించింది కాని చెప్పలేదు.

బుధవారం పొద్దున దుకాణం తెరిచి సొరుగు లాగితే మగ్గిన వాసన వచ్చింది. జామపండ్లు నల్లబడ్డాయి. ఆయన వాటిని కాగితంలో చుట్టి బయట వేసివచ్చి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నకలు ఉంది. చిన్న గడిలో ఈసారి మొదటిది నొక్కాడు. నాలుగు నిమిషాలు పట్టింది. రెండో అరలోని ప్లేయరులో పెట్టి, చివరిదాకా కూర్చుని విన్నాడు. పుస్తకంలో ఖాళీ గడిని వెతికి, "మాట: సరి" అని రాశాడు. నిన్నటి కాగితం ఇంట్లో భద్రంగా ఉండబట్టే ఈ పని చేయగలుగుతున్నానన్న సంగతి ఆయనకు తెలుసు.

నాంపల్లి కాంపౌండులో వెనక గదికి కొత్త తాళం వేసి ఉంది. చెట్టు కింద ఆకులు ఊడుస్తున్న పక్కింటి పూలమ్మ చీపురు ఆపింది.

"కొండమ్మనా? ఇప్పుడే పాయె గద సారూ. తమ్ముని కొడుకు రాజమల్లు వచ్చి మూట దీస్కపోయిండు. గౌలిగూడల బస్సు ఎక్కుతమన్నరు. గదిల ఇజ్రాయేల్ సారు కార్ డ్రైవర్ దిగుతడంట రేపు." చీపురు కట్టను అరచేతిలో తట్టి బిగిస్తూ, "పోంగ పోంగ జామచెట్టుకు నీల్లు వోసిపాయె, పిచ్చి ముండ" అంది.

ఎర్నెస్ట్ ఆటో ఎక్కాడు. గౌలిగూడలో కల్వకుర్తి బస్సు ఇంకా కదలలేదు. డ్రైవరు కింద నిలబడి బీడీ కాలుస్తున్నాడు. కొండమ్మ కిటికీ పక్క సీటులో ఉంది. ఒళ్ళో సంచి, సంచిలోంచి డిస్కు కవరు అంచు కనబడుతోంది. రాజమల్లు పై అరలో మూట సర్దుతున్నాడు. ఎర్నెస్ట్ కింద నిలబడి, కిటికీ చువ్వ మీద తట్టాడు. ఆమె చూసింది.

ఆయన కొత్త డిస్కును పైకెత్తి, పదం పదం విడదీసి చెప్పాడు. "దీంట్లో మాట వస్తుంది. సుగుణమణి గారి మాట. అంతా వినబడుతుంది."

కొండమ్మ ఆయన పెదవులను చదివింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"నేనేం జేస్కోను సారూ సప్పుడు?" అంది. ఒళ్ళోని సంచిని తట్టింది. "నాకు దీంట్ల మొత్తం ఇనవడ్తది. ఇననోల్లు ఆల్లు."

"ఇది పాస్టరుగారికి ఇవ్వండి. ఆయన వింటారు."

"నువ్వొస్తవా?"

ఎర్నెస్ట్ డిస్కును చువ్వలకు ఇంకా దగ్గరగా ఎత్తాడు.

"నువ్వొచ్చి జెప్తవా, అయ్యగారి ముంగట? ఉన్నది, నేనే రానియ్యలేదు అని?" ఆమె గొంతులో కోపం లేదు. ఆ గొంతులో ఏదీ ఎప్పుడూ తెలిసేది కాదు. "జెప్తనంటె బస్సు దిగుత."

ఆమె ఆయన నోటివైపు చూస్తూ ఎదురుచూసింది. డ్రైవరు బీడీ పారేసి ఎక్కాడు. ఇంజను మొదలైంది, చువ్వలు గలగలలాడాయి. ఎర్నెస్ట్ పెదవులు ఒకసారి విడివడి మళ్ళీ కలిశాయి.

"ముందు మీరు ఇవ్వండి" అన్నాడు చివరికి. "నా పేరు చెప్పొద్దు. ఎక్కడో చేయించానని..."

కొండమ్మ ముఖం తిప్పుకుంది. పూర్తిగా తిప్పుకుంది, చెంప కూడా కనబడనంతగా. నెరిసిన కొప్పు, జాకెట్టు మెడ, చెవి వెనక చిన్న మచ్చ మాత్రం కనిపించాయి.

"కమిటీ ఉండింది, కొండమ్మా" అన్నాడు ఎర్నెస్ట్. "ఏడేళ్ళు. ఏంజెలీనా ఏడేళ్ళు... నేను కొయ్యలేదు. ఒక్క ముక్క కొయ్యలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచాను." బస్సు కదిలింది. ఆయన చువ్వ పట్టుకుని నాలుగు అడుగులు పక్కన నడిచాడు. "నేను చేసింది తప్పు. ఇటు చూడండి. ఒక్కసారి ఇటు చూడండి, చెబుతాను."

వెనక సీటులోంచి తువ్వాలు కట్టుకున్న ముసలాయన తల బయట పెట్టాడు.

"గామె అటు మొకం జేసి కూసున్నది, ఎవ్వలితోని మాట్లాడుతున్నవ్ పెద్దమనిషీ?" అన్నాడు. "చెయ్యి ఇడువు, పడ్తవ్."

ఎర్నెస్ట్ చెయ్యి వదిలాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ కొప్పు అలాగే ఉంది. ఆయన డిస్కు పట్టుకుని, అరటిపండ్ల బండ్ల మధ్య నిలబడి, అప్పటికీ ఏదో చెబుతూనే ఉన్నాడు. పదం పదం విడదీసి, మెల్లగా, అరవకుండా.